సీసపుటక్షరములు - కొయ్యయక్షరములు

గత వేసవి సెలవులలో మన పాఠశాల సామానుల గదిని శుభ్రపఱచుచుండఁగా విఱిగిన బల్లల క్రింద నొక పొడవైన కొయ్యపెట్టె దొరకినది. లోపల అఱలున్నవి. అఱలలో దుమ్ముపట్టి, పాతసిరాతో నల్లబడిన కొయ్యముక్క లున్నవి. పాతసామానులు కొనువాఁడు వాకిట నిలిచియుండెను. విఱిగిన బల్లలతోపాటు దీనినిగూడ వంటచెఱకు ధరకుఁ దీసికొందు ననెను. పెట్టెను బండిమీఁది కెత్తుచుండఁగా నొక ముక్క జాఱి క్రిందఁ బడినది. ఏడవ తరగతి బాలుఁ డొకఁడు దానిని చేతఁ బట్టుకొని, "ఇది ఇంగ్లీషు ఆర్ అక్షరమండీ, కాని అద్దములోఁ జూచినట్లున్నది" అనెను. ఆ మాటవలననే పెట్టె బండి దిగినది. ఈ వ్యాసమునకుఁ గారణమును ఆ మాటయే.

మన పాఠశాల ననుసరించి పూర్వ మొక చిన్న అచ్చుకూట ముండెడిదని పెద్దవారెఱుఁగుదురు. అది మూతపడిన నాఁడే సీసపుటక్షరము లన్నియు తూకమునకు అమ్ముడుపోయినవి. సీసమునకు వెల కలదు. కొయ్యకు వెల లేదు కాఁబట్టి కొయ్యయక్షరములు మాత్రము మిగిలినవి. ఇట్లు మిగిలినవానిని చూచి, ఇవి యెందులకు పనికివచ్చెడివి, వీనితో వేసిన యచ్చు కంటి కెందు కింపుగా నుండును అని బాలబాలిక లడిగిన ప్రశ్నలకు తగిన సమాధానము చెప్పుటకు ఇచట యత్నించుచున్నాను.

ముందుగా మూలసూత్రము. కాగితముపై సిరా నుంచుటకు ముఖ్యముగా మూఁడు మార్గములు కలవు. ఉబ్బెత్తుగా నున్న భాగమునకు సిరా రాచి ఒత్తుట యొకటి. పల్లములలో సిరా నింపి, పైభాగమును తుడిచి, కాగితమును గట్టిగా నదిమి ఆ సిరాను పైకి లాగుట రెండవది. సమతలముపై నూనెకును నీటికిని పొత్తు లేదను ధర్మము నాధారముగాఁ గొని వేయుట మూఁడవది. నేఁటి ఆఫ్‌సెట్ ముద్రణ మీ తెగకుఁ జెందినది. అక్షరముల నొక్కొక్కటిగాఁ గూర్చి వేయు పాత యచ్చు మొదటి తెగలోనిది. మన యింట పోస్టాఫీసు ముద్రను చూచినవారికి, బందరు కలంకారీ అద్దకపు టచ్చులను చూచినవారికి దీనిని వేఱుగా వివరింప నక్కఱలేదు.

సీసపుటక్షర మెట్లు పుట్టునో చెప్పెదను. ఉక్కుకడ్డీ కొనయందు అక్షరమును తిరుగవేసి, ఉబ్బెత్తుగాఁ జెక్కుదురు. ఆ కడ్డీని రాగిముక్కపై నుంచి సుత్తితోఁ గొట్టిన, రాగిలో అక్షరము సరియైన తీరున పల్లముగాఁ బడును. ఆ రాగిముక్కను చిన్న మూసకు అడుగున నమర్చి కరగిన లోహమును పోసిన, మరల తిరుగఁబడిన అక్షరము వచ్చును. అది కాగితముపై పడినప్పుడు సరియగును. ఉక్కుమీఁది చెక్కడ మొక్కటి, దానినుండి వేలకొలఁది అక్షరములు! జర్మనీదేశమందలి మైన్జు పట్టణమున గూటెన్‌బర్గు ఈ విద్యను సాధించి, 1455 ప్రాంతమున పుటకు 42 పంక్తులు గల బైబిలును అచ్చొత్తించెను. వాడు లోహము వట్టి సీసము కాదు. సీసమున తగరమును, అంజనలోహమును కలుపుదురు. వట్టి సీసము మెత్తన, ఒత్తిడికి నలిగిపోవును. అంజనలోహము కలిపిన గట్టిపడుటయే గాక చల్లాఱునప్పుడు ముడుచుకొనుటయు తగ్గి, అక్షరపు టంచులు వాడిగా వచ్చును.

ఈ లోహములలోని భేదమువలన జరిగిన యొక సంగతి మనవారు తెలిసికొనఁదగినది. 1812వ సంవత్సరము మార్చి 11వ తేదీ సాయంకాలమున, వంగదేశమందలి శ్రీరామపురపు మిషను అచ్చుకూటము అగ్నికి ఆహుతియయ్యెను. కాగితము, అచ్చునకు సిద్ధముగా నున్న వ్రాతప్రతులు, పెక్కు భాషల అక్షరములు నశించినవి. విలియం కేరీ పండితుని యేండ్లతరబడి శ్రమ ఒక్కరాత్రిలో బూడిదయైనది. కాని బూడిదను త్రవ్విచూడఁగా ఉక్కు పంచులును, వానితోఁ గొట్టిన అచ్చుముక్కలును చెడకుండ దొరకినవి! సీసము 327 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమికే కరగును. అక్షరలోహ మంతకు ముందే కరగును. రాగికి వేయి డిగ్రీలు దాటవలెను, ఉక్కునకు ఇంకను హెచ్చు. కావుననే అక్షరములు పోయినను వాని తల్లులు మిగిలినవి. కరగి ముద్దయైన సీసమునే తిరిగి పోసి క్రొత్త అక్షరములు చేసికొనిరి. 1814లో కేరీ రచించిన తెలుఁగు వ్యాకరణము ఆ అచ్చుకూటమునుండియే వెలువడెను. అంతకు పూర్వమే 1746-47 సంవత్సరములలో బెంజమిన్ షుల్జు జర్మనీలోని హాలే పట్టణమున తెలుఁగు పొత్తములను అచ్చువేయించియుండెను. మన యక్షరము తొలుత సీసపు రూపు దాల్చినది మన దేశమున కాదు, మంచు కురియు నాట.

తెలుఁగును సీసమున కెక్కించుట సులభమైన పని కాదు. ఇంగ్లీషున పెద్దబడి, చిన్నబడి కలసి 52 అక్షరములు. అంకెలు, విరామచిహ్నములు చేర్చినను రెండు పెట్టెలలో నిముడును. మనకు తలకట్టులు, గుడులు, కొమ్ములు, ఒత్తులు కలసి వందలకొలఁది ముక్కలు కావలెను. కంపోజిటరు తన యెదుటఁ గల గళ్ళపెట్టెలలో ఏ గడిలో ఏ ముక్క యున్నదో కన్నెత్తి చూడకయే తీయవలెను. పైఁగా ఒత్తులు పంక్తికిఁ దిగువకు దిగును, గుడులు ఎగువకు లేచును. అందువలన పంక్తికిఁ బంక్తికి నడుమ ఎడము హెచ్చుగా నుంచక తప్పదు. పాత తెలుఁగు పుస్తకమును తెఱచిన తోడనే పుట విశాలముగా, గాలి పాఱినట్లు కనఁబడుటకుఁ గల కారణములలో నిది యొకటి. అందము కొంత అవసరమునుండి పుట్టినది.

ఇఁక కొయ్య. అచ్చుటక్షరములలో కొయ్య వాడుక క్రొత్తది కాదు. చీనాదేశమున పుట పుటయంతయు నొక్క పలకపైఁ జెక్కి అచ్చువేయుచుండిరి. తేదీ తెలిసిన అట్టి గ్రంథములలో మిక్కిలి ప్రాచీనమైనది, 868వ సంవత్సరమునాఁటి వజ్రసూత్రము, లండనులోని బ్రిటిషు గ్రంథాలయమున నున్నది. కాని మన పెట్టెలోని కొయ్యయక్షరముల వంశము వేఱు. అది పందొమ్మిదవ శతాబ్దపు వ్యాపారమునుండి పుట్టినది. నాటకములు, సర్కసులు, సంతలు, వేలములు, పొగయోడల రాకపోకలు - వీనిని వీధిగోడలపై దూరమునుండి కనఁబడునట్లు చాటవలసివచ్చెను. దానికిఁ జానెడేసి అక్షరములు కావలెను.

సీసముతో అంత పెద్దవి పోయరాదా యని యడుగవచ్చును. బాలు రొక లెక్క కట్టి చూతురు గాక. 4 అంగుళముల యెత్తు, 3 అంగుళముల వెడల్పు గల యక్షరము ననుకొనుఁడు. అచ్చుటక్షరము నిలువెత్తు ఇంగ్లండు, అమెరికాలలో 0.918 అంగుళము. ఈ మూఁటిని గుణించిన సుమారు 11 ఘనాంగుళములు, అనఁగా 180 ఘనసెంటిమీటర్లు. అక్షరలోహముతో నది దాదాపు 1,800 గ్రాములు తూఁగును. గట్టి మేపిల్ కొయ్యతోనైన 130 గ్రాములకు మించదు. ఇరువది యక్షరముల గోడకాగితమునకు సీసమైన ముప్పదియాఱు కిలోగ్రాములు మోయవలెను! అదిగాక పెద్ద లోహపు దిమ్మ చల్లాఱునప్పుడు సమముగాఁ జల్లాఱక, ముఖము గుంటపడును. వెలయు హెచ్చు. ఇన్ని కారణములచేత కొయ్య గెలిచినది.

న్యూయార్కు నగరమున డేరియస్ వెల్సు అను ముద్రాపకుఁడు 1827లో తిరుగు ఉలితో కొయ్యను దొలుచు యంత్రమును కల్పించి, మరుసటి యేఁట అట్టి యక్షరముల పట్టిక పుస్తకమును ప్రకటించెను. 1834లో విలియం లెవెన్‌వర్తు దానికి పాంటోగ్రాఫును జతపఱచెను. ఇది మన రేఖాగణితపు తరగతిలో సమాంతర చతుర్భుజముతోఁ జూపెడి పరికరమే: ఒక కొన మాతృకాక్షరపు టంచు వెంబడి నడచుచుండ, రెండవ కొన అదే రూపమును చిన్నదిగానో పెద్దదిగానో కోయును. ఒక్క మాతృకనుండి పలు పరిమాణములు, బొద్దువి, బక్కవి అన్నియు వచ్చును. 1880లో విస్కాన్సిను రాష్ట్రమున టూ రివర్సు అను ఊర జె. ఇ. హామిల్టను ఈ పని మొదలిడి, పలుచని కొయ్యరేకుతోఁ గోసిన యక్షరములను చవుక దిమ్మలపై అంటించి, చౌకగా అమ్మి, క్రమముగా పోటీదారుల సంస్థలను కొనివేసెను.

కొయ్యను కోయు తీరును గమనింపుఁడు. పలకలకువలె చెట్టును నిలువునఁ గోయరు. దుంగను అడ్డముగా బిళ్ళలు కోసి, ఆరఁబెట్టి, నునుపుచేసి, లక్కపూఁత పూయుదురు. అప్పుడు ఈనెల కొన లన్నియు పైకి నిలిచియుండును. ఈనె ప్రక్కన నొత్తిన లొచ్చపడును, కొనమీఁద నొత్తిన నిలుచును. చీపురుకట్టను అడ్డముగా నదిమి, మరల నిలువుగా నదిమి చూచిన నీ భేదము తెలియును. ఆంగ్లదేశపు చిత్రశిల్పి తామస్ బ్యూయిక్కు తన పక్షులబొమ్మలను, జంతువులబొమ్మలను ఇట్టి అడ్డుకోత బాక్సుకొయ్యమీఁదనే చెక్కెను. అతని బ్రిటిషు పక్షుల చరిత్ర 1797లోను 1804లోను రెండు సంపుటములుగా వెలువడినది. నల్లని గీఁతలను మిగుల్చుటకు మాఱుగా తెల్లని గీఁతను త్రవ్వుచుఁ బోవుట అతని పద్ధతి. రాత్రినుండి వెలుఁగును తీసినట్లు. అతని దిమ్మలు అక్షరముల యెత్తుననే యుండుటచే బొమ్మయు మాటయు ఒక్క చట్రములో బిగించి, ఒక్క సిరాతో, ఒక్క ఒత్తుతోఁ బడెడివి.

ఈ చివరి విషయమే నా కన్నిటికంటె ముఖ్యముగాఁ దోఁచును. ఆ కాలపు పుటలో బొమ్మ వేఱు, అక్షరము వేఱు అనిపింపదు. రెంటి నలుపు ఒకటే. ఈ రహస్యము నెఱిఁగినవాఁడు విలియం మారిస్. అతఁడు 1891లో లండనునొద్ద కెల్మ్‌స్కాటు ముద్రాలయమును స్థాపించి, అక్షరముల బరువునకు సరిపోవు కొయ్యచెక్కడపు అంచులను తానే చిత్రించెను. 1896లో ముగిసిన చాసరు కవి గ్రంథమున బర్న్-జోన్సు చిత్రించిన 87 బొమ్మలున్నవి. దాని పుటల ప్రతిబింబములను గ్రంథాలయములోఁ జూడవచ్చును. చదువుటకు అది కొంచెము కష్టమే. అలంకారము మితిమీఱినదని నా యభిప్రాయము. కాని నలుపుతెలుపుల పొందిక అట్టిది మఱియొకచోటఁ జూడలేదు.

వీధి గోడకాగితముల యందము మారిసు చూపిన యందమువంటిది కాదు. అందు ఒక పంక్తి లావు, ఒకటి సన్నము. ఒకదానికి పలకలవంటి పాదములు, ఒకదానికి పాదములే లేవు. ఇంత కలగాపులగమేల? కంపోజిటరు అభిరుచి లేనివాఁ డని కాదు. చట్రము వెడల్పు మాఱదు. "సర్కసు" అను చిన్నమాట చట్రమంతయు నిండవలె నన్న బొద్దు అక్షరము కావలెను. పొడవైన పేరు అదే చట్రమున నిముడవలె నన్న బక్కయక్షరము కావలెను. ఉన్న పెట్టెలలో ఏది సరిపోవునో దానిని తీసెడివాఁడు. చాలని యక్షరమున్న వేఱు తెగనుండి అరువు తెచ్చెడివాఁడు. ఆ యిఱుకులో నుండి వచ్చిన వైవిధ్యమే నేఁడు మనకు ముచ్చటగాఁ గనఁబడుచున్నది. రంగుల విషయమునఁ గూడ నట్లే: విలియం పేజి సంస్థవారు 1874లో ప్రకటించిన పట్టిక పుస్తకమున ఒక్కొక్క యక్షరమునకు రెండేసి దిమ్మ లుండెను. ఒకటి ఒక రంగున, దానిపై రెండవది మఱియొక రంగునఁ బడి, కలిసినచోట మూఁడవ రంగు పుట్టెడిది. మన పెడనలో అద్దకపువారు గీఁతకు వేఱు అచ్చు, ప్రతి రంగునకు వేఱు అచ్చు టేకుకొయ్యతోఁ జెక్కించుకొనుట దీనికి దగ్గఱచుట్టము.

కన్నులతో నేమి చూడవలెనో చెప్పెదను. ఇంట తాతముత్తాతలనాఁటి పుస్తక మేదైన నున్నచో, దాని పుటను కిటికీ ప్రక్క వాలుగాఁ బట్టి చూడుఁడు. అక్షరములు కాగితములో కొంచెము దిగియుండును. వెనుకవైపు వ్రేలితో తడిమిన చిన్నగఱుకు తగులవచ్చును. పిదప భూతద్దముతోఁ జూచిన, అక్షరపు టంచు వెంబడి సిరా నడిమికంటె ముదురుగా, సన్నని గట్టువలెఁ గనఁబడును. ఒత్తిడికి సిరా ప్రక్కలకు నెట్టుకొనిపోవుటచే నిట్లగును. ఈ గట్టే అక్షరమునకు కాటుక తీర్చినట్టి స్ఫుటత్వము నిచ్చును. నేఁటి ఆఫ్‌సెట్ పుటలో నిది యుండదు. కొయ్యయక్షరమైన మఱియొక గుఱుతు: విశాలమైన నలుపులో ఉప్పు చల్లినట్లు తెల్లని చుక్కలు, పాతగీఁతలు, అంచున తగిలిన దెబ్బలు. ప్రతి యక్షరమునకును తన చరిత్ర తన ముఖముననే యుండును.

ఇందొక వివాదము కలదు. నేఁడు శుభలేఖలు మొదలగువానిని దళసరి దూదికాగితముపై లోఁతుగా గుంటపడునట్లు అదిమించి, ఇదియే పాత యచ్చు సొగసని పలువురు మెచ్చుకొనుచున్నారు. మా పెట్టెను చూచుటకు, ఒకప్పు డచ్చుకూటమునఁ బనిచేసి విశ్రాంతి గైకొనిన కంపోజిటరు తాతగారిని పిలిపించితిమి. అట్టి శుభలేఖ నొకదానిని చేతి కిచ్చితిని. ఆయన వెనుకకుఁ దిప్పి, వ్రేలితో తడిమి, "వెనుకకుఁ దగిలితే మా ఫోర్‌మన్ గారు కాగితము మొగానఁ గొట్టేవారండీ. అక్షరము కాగితాన్ని ముద్దుపెట్టుకోవాలి గాని కఱవకూడదు" అనిరి. ఒత్తిడి హెచ్చిన సీసము అరుగును, వెనుకపుట చెడును. కావున పాతవారి దృష్టిలో గుంట యన్నది లోపము. నేను తాతగారి పక్షమే. ఐనను, ఆ గుంటవలన నైనను ఇరువదియేండ్ల యువకులు పాత ట్రెడిలు యంత్రములను తుప్పు వదలించి నడపుచున్నారన్న సంగతి తాతగారితోఁ జెప్పఁగా, ఆయన కొంతసేపు శుభలేఖను అటు నిటు త్రిప్పి, "మార్జిను మాత్రము తిన్నగా వేసినాఁడు" అని తిరిగి యిచ్చిరి.

పెట్టెలోని ఇంగ్లీషు అక్షరములు లెక్కింపఁగా 61 తేలినవి. ఎన్ని తెగలవో గాని, ఏ యొక్క తెగయు పూర్తిగా లేదు; 'ఇ' అక్షర మొక్కటియైన లేదు. మిక్కిలి వాడుకగల యక్షరము కాఁబట్టి అదియే ముందు అరిగియో పోయియో యుండును. అన్నిటి యడుగున నొక టేకుపలక కలదు. ఇదియే మన గదిలో దొరకిన యసలు ధనమని నా నమ్మకము. స్థానికుఁడైన వడ్రంగి యెవఁడో "వార్షికోత్సవము" అను మాట నంతటిని ఆ యొక్క పలకపై తిరుగవేసి చెక్కినాఁడు. ఏటేట కావలసిన మాట కదా! కొనుటకు తెలుఁగున అంత పెద్దయక్షరములు దొరకక చెక్కించి యుందురు. బాలబాలికలు అద్దము పట్టి చూచియు మొదట చదువలేకపోయిరి. కారణము, రేఫమును ఇప్పటివలెఁ గాక పాత వలపలగిలకగా షి ప్రక్కన నిలిపినాఁడు. వలపలగిలక యైనచో ఒత్తు క్రిందికి దిగదు. పలక యెత్తు కలిసివచ్చును. క్రిందికి దిగినది 'త్స'లోని సకారపు టొత్తొక్కటే; దానికై పలక యడుగున బొటనవ్రేలంత చోటు విడిచినాఁడు. తలకట్టులను మాత్రము వెఱవక, పక్షి ఱెక్క విప్పినట్లు చెక్కినాఁడు.

అమెరికావారు తమ కొయ్యయక్షరములను చాలవఱకు పొయ్యిలపాలు చేసిన పిమ్మట మేల్కొనిరి. టూ రివర్సునందు 1999లో నెలకొల్పిన ప్రదర్శనశాలలో నేఁడు 15 లక్షల కొయ్యయక్షరములు భద్రముగా నున్నవి. మన తెలుఁగు కొయ్యయక్షరముల కట్టి యిల్లు కట్టినవారి నే నెఱుఁగను. ఈ పుటలు చదువు తలిదండ్రులలో ఎవరియింటనైన, పాత యచ్చుకూటపు సామానులలో నిట్టి ముక్కలున్నచో వానిని పొయ్యిలోఁ బెట్టుటకు ముందు ఒక్కసారి కాగితముపై ఒత్తి చూడఁ బ్రార్థన. యంత్ర మక్కఱలేదు. మేము చేసిన విధము చెప్పెదను. పలకను మెత్తని కుంచెతోఁ దుడిచితిమి. నీరు తగులనీయలేదు, కొయ్య వంగును. కొంచెము నూనెగుడ్డతో పాతసిరా నూడ్చితిమి. గాజుపలకమీఁద అచ్చుసిరాను పలుచగాఁ బఱచి, రబ్బరు రోలరుతో పలకకుఁ బూసితిమి. కాగితమును పైన నుంచి, గరిటె వీఁపుతో నడిమినుండి అంచులకు నెమ్మదిగా రాచితిమి. మొదటి మూఁడు కాగితములు చెడినవి. సిరా హెచ్చై 'కో' నడుమ పూడిపోయినది. నాలుగవదానిని ఎనిమిదవ తరగతి బాలిక యొకతె యెత్తినది.

మాట నల్లగా, నిండుగా పడినది. నలుపులో అడ్డముగా సన్నని చారలున్నవి. వడ్రంగి అడ్డుకోత బిళ్ళ గాక నిలువుకోత పలకను వాడుటచే టేకు ఈనెలు అచ్చున దిగినవి. 'ము' అక్షరమునుండి 'వ' దాఁక పలకలోని పగులు తెల్లని గీఁతగా వచ్చినది. పగులును మైనముతోఁ బూడ్చవలెనా యని తరగతిలో చర్చ జరిగినది. వద్దనియే యెక్కువమంది యనిరి. ఈ యేఁటి వార్షికోత్సవపు ప్రకటన నోటీసుబోర్డుమీఁద నున్నది. శీర్షిక ఆ పలకతో వేసినదే. పలక గ్రంథాలయపు బీరువాలో క్రింది యఱయందున్నది. చూడఁగోరువారు తాళపుచెవి గుమాస్తాగారి నడుగవలెను.